మిల్లు నెట్‌వర్క్‌ను లేయర్ 3 స్విచ్ మీదికి మార్చిన క్రమం: రూటు టేబుల్లోకి ఎక్కడం వేరు, ప్యాకెట్‌కు పనికిరావడం వేరు

మిర్యాలగూడలో రైస్ మిల్లంటే ఒక్క షెడ్డు కాదు. గేటు దగ్గర వేబ్రిడ్జి, పక్కనే వడ్ల శాంపిల్ చూసే ల్యాబు, ఆఫీసు, బాయిలర్ వైపు ఇంకో గది, రోడ్డు అవతల గోడౌను, ఇవి కాక నల్లగొండలో ఒక ఆఫీసు ఉంటాయి. ఇన్నిటికీ కలిపి 192.168.1.0/24 అనే ఒకే నెట్‌వర్క్ నడుస్తుండటం ఈ ప్రాంతంలో మామూలే. కెమెరాలు పెరిగేకొద్దీ 254 అడ్రసులు చాలవు. ఎవరో కొత్త కెమెరాకు వేబ్రిడ్జి కంప్యూటర్ అడ్రసే ఇచ్చేస్తే తూకం ఆగి లారీలు రోడ్డు మీదికి బారు కడతాయి. అలాంటి మిల్లులో లేయర్ 3 స్విచ్ (నెట్‌వర్కుల మధ్య దారి కూడా చూపగల స్విచ్) పెట్టి, నెట్‌వర్క్‌ను ముక్కలు చేసి, వాటి మధ్య రూటింగ్ నడిపించిన క్రమాన్ని ఇక్కడ రాస్తున్నాను. కమాండ్లు సిస్కో క్యాటలిస్ట్ పద్ధతివి.

ఈ పనిలో వచ్చే చిక్కులు ఎక్కువగా రెండు ప్రశ్నలను ఒకటే అనుకోవడం వల్ల వస్తాయి. ఒక రూటు, అంటే ఫలానా నెట్‌వర్కుకు దారి ఇదీ అని చెప్పే గీత, స్విచ్ రూటింగ్ టేబుల్లోకి ఎక్కుతుందా లేదా అన్నది మొదటి ప్రశ్న. ఎక్కినవాటిలో ఈ ప్యాకెట్‌కు ఏది పనికొస్తుంది అన్నది రెండోది. మొదటిదాన్ని అడ్మినిస్ట్రేటివ్ డిస్టెన్స్ (రూటు ఎక్కడి నుంచి వచ్చిందో దాన్నిబట్టి ఎంత నమ్మాలో చెప్పే అంకె, తక్కువైతే నమ్మకం ఎక్కువ), మెట్రిక్ (ఆ దారి ఎంత ఖరీదో చెప్పే అంకె) తేలుస్తాయి. రెండోదాన్ని ప్రిఫిక్స్ పొడవు (/20, /24 లాంటి అంకె, అడ్రసులో మొదటి ఎన్ని బిట్లు సరిపోవాలో అది) ఒక్కటే తేలుస్తుంది, అక్కడ డిస్టెన్స్‌కు చోటే లేదు. ఇది మనసుకు పట్టాక రూటింగ్ టేబుల్ చదవడం తేలికవుతుంది.

ముందు అడ్రసుల లెక్క. మిల్లుకు 10.44.0.0/20, గోడౌనుకు 10.44.16.0/20, నల్లగొండ ఆఫీసుకు 10.44.32.0/20 కేటాయించాం. /20 అంటే మూడో అంకెలో 16 విలువల ముక్క: మిల్లుకు 0 నుంచి 15, గోడౌనుకు 16 నుంచి 31, నల్లగొండకు 32 నుంచి 47. మిల్లు లోపల ఆఫీసుకు వీల్యాన్ (ఒకే స్విచ్‌లో విడిగా నడిచే నెట్‌వర్క్ ముక్క) 10, నెట్‌వర్క్ 10.44.10.0/24. అర్థమయ్యే ఉంటుంది, వీల్యాన్ నంబరూ మూడో అంకే ఒకటే. వేబ్రిడ్జి, ల్యాబు కలిపి 4, కెమెరాలు 2. గోడౌను కెమెరాలు 18. స్థలాల మధ్య లింకులన్నీ 10.44.255.0 కింద /30 ముక్కలు: ఫైబర్‌కు 10.44.255.0/30, దానికి తోడుగా ఉన్న వైర్‌లెస్ రేడియోకు 10.44.255.4/30, ఫైర్‌వాల్‌కు 10.44.255.8/30. ఇలా వరస ముక్కలుగా పంచితే ఒక స్థలాన్ని ఒకే గీతలో చెప్పొచ్చు. అడ్రసులు చేతికొచ్చినట్టు ఇస్తే ఆ తర్వాత ఏ సమ్మరీ (చాలా రూట్లను ఒకటిగా కుదించడం) కుదరదు.

వానాకాలం వడ్లు వచ్చే నవంబరు, డిసెంబరుల్లోనూ యాసంగి వడ్లు దిగే ఏప్రిల్, మే నెలల్లోనూ ఈ పని ముట్టుకోకూడదు. లారీలు లేని రోజు చూసుకుని, అప్పుడు కూడా వేబ్రిడ్జిని అన్నిటికన్నా చివర మార్చాలి.

స్విచ్ దగ్గరికి వస్తే, కన్సోల్ కేబుల్ పెట్టుకునే కూర్చోవాలి: 9600 స్పీడు, 8 బిట్లు, పారిటీ లేదు, స్టాప్ బిట్ 1. కారణం ఉంది. రూటింగ్ ఆన్ చేయని స్విచ్ తన మేనేజ్‌మెంట్ కోసం ‘ఐపీ డిఫాల్ట్-గేట్‌వే’ అన్న గీతను వాడుకుంటుంది. ‘ఐపీ రూటింగ్’ అని కొట్టిన క్షణం నుంచి ఆ గీతను లెక్కచేయదు, డిఫాల్ట్ రూటు కోసం టేబుల్లో వెతుకుతుంది. అది ఇంకా రాయలేదు కాబట్టి వేరే నెట్‌వర్క్ నుంచి టెల్నెట్‌లోనో ఎస్ఎస్‌హెచ్‌లోనో ఉన్నవాళ్లు అక్కడే తెగిపోతారు. కన్సోల్ కుదరని చోట ముందుగా ‘రీలోడ్ ఇన్ 30’ అని పెట్టాలి. కాన్ఫిగరేషన్ సేవ్ చేయాలా అని అడిగితే వద్దనాలి. దారి తెగినా అరగంటకు స్విచ్ పాత స్థితిలో లేస్తుంది. పని సజావుగా సాగితే ‘రీలోడ్ క్యాన్సిల్’ అంటే సరిపోతుంది.

ఇంకోటి కూడా అప్పుడే చూడాలి. హైదరాబాద్ నుంచి తెచ్చే సెకండ్ హ్యాండ్ 3560, 3750 లాంటివాటిలో ‘షో ఎస్‌డీఎం ప్రిఫర్’ కొట్టి టెంప్లేటు ఏదో చదవాలి. రూట్లను ప్యాకెట్ వేగంతో వెతికే టీక్యామ్ మెమరీ పరిమితంగా ఉంటుంది. దాన్ని మ్యాక్ అడ్రసులకు (ప్రతి పరికరం నెట్‌వర్క్ కార్డుకు ఉండే అడ్రసు), రూట్లకు, యాక్సెస్ లిస్టులకు ఎలా పంచాలో ఈ టెంప్లేటు చెబుతుంది. 3750లో డిఫాల్ట్ టెంప్లేటుకు సుమారు 8 వేల యూనికాస్ట్ రూట్లు పడతాయి: 6 వేలు నేరుగా తగిలి ఉన్న పరికరాలకు, 2 వేలు అవతలి నెట్‌వర్కులకు. రూటింగ్ టెంప్లేటులో ఈ లెక్క 3 వేలు, 8 వేలుగా తిరగబడుతుంది. మిల్లుకు డిఫాల్టే ఎక్కువ. ప్రమాదమంతా వీల్యాన్ టెంప్లేటుతోనే. దానిలో 12 వేల మ్యాక్‌లు పడతాయి గానీ రూట్లకు హార్డ్‌వేర్‌లో చోటు లేదు. టేబుల్ చక్కగా కనిపిస్తుంది, పింగ్ వెళ్తుంది, కానీ ప్రతి ప్యాకెట్టూ సీపీయూ మీద పడి కెమెరాలు నడవగానే స్విచ్ కూలబడుతుంది. టెంప్లేటు మారిస్తే రీలోడ్ తప్పదు కాబట్టి ఇది లారీలు వచ్చాక చూసే విషయం కాదు.

తర్వాత వీల్యాన్లు, వాటికి ఎస్‌వీఐలు (వీల్యాన్ తరఫున స్విచ్‌లో ఉండే ఇంటర్‌ఫేస్, ఆ నెట్‌వర్కుకు గేట్‌వే అదే). ‘ఇంటర్‌ఫేస్ వీల్యాన్ 10’, ‘ఐపీ అడ్రస్ 10.44.10.1 255.255.255.0’, అలా ఒక్కొక్కటి. అడ్రసు ఇవ్వగానే టేబుల్లో కనెక్టెడ్ రూటు వస్తుందని చాలామంది చూస్తారు, రాదు. ఆ వీల్యాన్‌లో కనీసం ఒక పోర్టు లేచి స్పానింగ్ ట్రీలో (స్విచ్‌ల మధ్య ప్యాకెట్లు చుట్టు తిరగకుండా చూసే ప్రొటోకాల్) ఫార్వర్డింగ్ స్థితికి రావాలి. అప్పుడే ఎస్‌వీఐ లేస్తుంది, అప్పుడే రూటు ఎక్కుతుంది. కెమెరాల వీల్యాన్ ట్రంకు (చాలా వీల్యాన్లను కలిపి మోసే లింకు) మీద నుంచి వచ్చేదైతే ఆ ట్రంకులో దాన్ని అనుమతించారో లేదో ముందు చూడాలి.

ఇదే గుణం గోడౌను లింకు దగ్గర ఎదురు తిరుగుతుంది. లింకును కూడా ఒక వీల్యాన్‌గా పెడితే, ఫైబర్ తెగినా ఆ వీల్యాన్‌ను మోసే ఇంకో ట్రంకు బతికున్నంతకాలం ఎస్‌వీఐ లేచే ఉంటుంది, రూటు పోదు. అందుకే స్థలాల మధ్య పోర్టుల్లో ‘నో స్విచ్‌పోర్ట్’ అని కొట్టి అడ్రసు నేరుగా పోర్టుకే ఇస్తాం. పోర్టు పడితే రూటు అదే క్షణంలో పోతుంది.

ఇక ‘ఐపీ రూటింగ్’. వెంటనే ‘ఐపీ రూట్ 0.0.0.0 0.0.0.0 10.44.255.10’, అంటే తెలియనిదంతా ఫైర్‌వాల్‌కు. స్టాటిక్ రూటును ఎథర్నెట్ మీద ఇంటర్‌ఫేస్ పేరుతో మాత్రమే రాయకూడదు, నెక్స్ట్ హాప్ (ప్యాకెట్‌ను అందుకునే తర్వాతి పరికరం) అడ్రసు తప్పకుండా ఉండాలి. లేకపోతే ప్రపంచంలోని ప్రతి అడ్రసూ తన తీగ మీదే ఉందని స్విచ్ నమ్ముతుంది, ప్రతి గమ్యానికీ ఏఆర్‌పీ (ఈ ఐపీ అడ్రసు ఎవరిది, మ్యాక్ ఏది అన్న ప్రశ్న) అడుగుతుంది. అవతలివైపు ప్రాక్సీ ఏఆర్‌పీ (వేరేవాళ్ల తరఫున తన మ్యాక్‌తో జవాబివ్వడం) ఉంటే పని జరిగినట్టే ఉంటుంది, ఏఆర్‌పీ టేబుల్ మాత్రం ఉబ్బుతూ పోతుంది.

ఫైర్‌వాల్‌లో తిరుగు రూటు కూడా రాయాలి: 10.44.0.0/19కి దారి 10.44.255.9, అంటే మన స్విచ్. /19లో మిల్లు, గోడౌను రెండూ ఇమిడిపోతాయి. ఈ గీత మరిచిపోతే లోపల్నుంచి ప్యాకెట్లు వెళ్తాయి, జవాబులు రావు. దాన్ని ఇంటర్నెట్ కంపెనీ లోపంగా అనుకుని గంటలు పోగొట్టుకునేవాళ్లున్నారు.

ఆ /19 వల్ల ఒక కొత్త ఇబ్బంది కూడా పుడుతుంది. మిల్లులో ఎవరికీ ఇవ్వని 10.44.9.7కి నల్లగొండ నుంచి ఒక ప్యాకెట్ వచ్చిందనుకుందాం. ఫైర్‌వాల్ /19 చూసి స్విచ్‌కు ఇస్తుంది. స్విచ్‌లో 9తో ఏ నెట్‌వర్కూ లేదు, డిఫాల్ట్ చూసి ఫైర్‌వాల్‌కే తిరిగి ఇస్తుంది. ఫైర్‌వాల్ అదే పోర్టులోంచి తిప్పి పంపేలా ఉంటే, టీటీఎల్ (ప్రతి రూటరు దగ్గరా ఒకటి తగ్గే లెక్క) సున్నా అయ్యేదాకా ప్యాకెట్ ఆ రెంటి మధ్యే తిరుగుతుంది. విండోస్ యంత్రాలు 128తో మొదలుపెడతాయి. వైరస్ పట్టిన ఒక్క కంప్యూటర్ ఖాళీ అడ్రసులను వరసగా తడితే చాలు, ఆ లింకు నిండిపోతుంది. మందు ఒకే గీత: స్విచ్‌లో ‘ఐపీ రూట్ 10.44.0.0 255.255.224.0 నల్ 0’. తెలియని లోపలి అడ్రసు అక్కడే రాలిపోతుంది.

అందరూ తడబడేది ఇక్కడే. నల్ 0కి /19 మొత్తం రాస్తే గోడౌను ప్యాకెట్లు కూడా రాలిపోవా అని అడుగుతారు. రాలిపోవు. 10.44.18.55కి ప్యాకెట్ వచ్చినప్పుడు టేబుల్లో మూడు గీతలు దానికి సరిపోతాయి. 0.0.0.0/0 స్టాటిక్, డిస్టెన్స్ 1. 10.44.0.0/19 స్టాటిక్, నల్ 0, డిస్టెన్స్ 1. 10.44.16.0/20 ఓఎస్‌పీఎఫ్ (స్విచ్‌లు తమ రూట్లను ఒకదానికొకటి చెప్పుకునే ప్రొటోకాల్) ద్వారా గోడౌను నుంచి వచ్చింది, డిస్టెన్స్ 110. 18ని బిట్లలో రాస్తే 00010010. /20 అంటే మూడో అంకెలో మొదటి నాలుగు బిట్లు చూడటం, అవి 0001, అంటే 16 నుంచి 31 వరకూ ఉన్న ముక్క. కాబట్టి /20 కచ్చితంగా సరిపోతుంది, మూడింటిలో పొడవైనదీ అదే, ప్యాకెట్ అటే పోతుంది. డిస్టెన్స్ 1 ఉన్న రెండు స్టాటిక్‌లు 110 ముందు ఓడిపోయాయి, ఎందుకంటే ఇక్కడ డిస్టెన్స్‌ను పోల్చనే పోల్చరు. ఒకే ప్రిఫిక్స్, ఒకే పొడవు రెండు చోట్ల నుంచి వచ్చినప్పుడే డిస్టెన్స్ అవసరం. సిస్కోలో రూట్లు వచ్చే మార్గాలకు, ప్రొటోకాల్‌లకు ఆ వరస: కనెక్టెడ్ 0, స్టాటిక్ 1, బయటి బీజీపీ 20, ఈఐజీఆర్‌పీ 90, ఓఎస్‌పీఎఫ్ 110, రిప్ 120, లోపలి బీజీపీ 200. 255 అంటే నమ్మదగినది కాదు, టేబుల్లోకి రానివ్వరు. ఈ అంకెలు కంపెనీకో తీరుగా ఉంటాయి. హువావేలో ఓఎస్‌పీఎఫ్ 10, స్టాటిక్ 60. అంటే అక్కడ ఒకే ప్రిఫిక్స్‌కు ఓఎస్‌పీఎఫ్‌దే పైచేయి. రెండు కంపెనీల స్విచ్‌లు కలిసిన మిల్లులో ఇది తెలియకపోతే ఒక చివర ఫైబర్, ఇంకో చివర రేడియో ఎంచుకుంటాయి.

గోడౌను స్విచ్ ఆ /20ని ఒకే గీతగా పంపడానికి ఓఎస్‌పీఎఫ్‌ను ఏరియాలనే భాగాలుగా విడగొట్టి, లింకుల్ని ఏరియా 0లో, గోడౌను లోపలి వీల్యాన్లను ఏరియా 1లో పెట్టి ‘ఏరియా 1 రేంజ్ 10.44.16.0 255.255.240.0’ రాశాం. ఒకే ఏరియా అయితే ఓఎస్‌పీఎఫ్‌లో లోపలి రూట్లను కుదించడం కుదరదు. రేంజ్ రాయగానే గోడౌను స్విచ్ తనకు తానే ఆ /20కి నల్ 0 రూటు పెట్టుకుంటుంది, కాబట్టి అక్కడ చేత్తో రాయనక్కర్లేదు.

ఫైబర్‌కు తోడుగా రేడియో ఎందుకంటే, కేబుల్ వాళ్ల ఫైబర్ కరెంటు స్తంభాల మీదనో రోడ్డు పక్కనో పోతుంది. రోడ్డు వెడల్పు పనుల్లో జేసీబీ తగిలితే అంతే. రేడియోను ఓఎస్‌పీఎఫ్‌లో కలిపేటప్పుడు కాస్టు (ఓఎస్‌పీఎఫ్ వాడే మెట్రిక్) సంగతి మరవకూడదు. సిస్కోలో కాస్టును 100 మెగాబిట్లను పోర్టు వేగంతో భాగించి తీస్తారు, 1 కన్నా తగ్గదు. ఫైబర్ గిగాబిట్ పోర్టుకు 1. రేడియో కూడా గిగాబిట్ పోర్టుకే తగిలి ఉంది, దానికీ 1. గాలిలో అది ఎంత మోయగలదో స్విచ్‌కు తెలియదు. రెండూ సమానం కాబట్టి రెండూ టేబుల్లోకి ఎక్కుతాయి, ట్రాఫిక్ పంచుకుంటాయి. ప్యాకెట్‌కు ఒకటి చొప్పున కాదు, మూలం, గమ్యం అడ్రసుల జంట మీద లెక్క వేసి ఒక్కో జంటను ఒక్కో దారికి కట్టేస్తుంది. అందుకే వాన పడి రేడియో తడబడ్డప్పుడు ఒక కెమెరా శుభ్రంగా కనిపిస్తుంది, పక్కది నిలిచి నిలిచి వస్తుంది, కెమెరా పాడైందని మార్చేస్తారు. ఏ జంట ఏ దారిలో పోతోందో ‘షో ఐపీ సెఫ్ ఎగ్జాక్ట్-రూట్’ తర్వాత రెండు అడ్రసులూ ఇస్తే చాలా మోడళ్లలో చెబుతుంది.

‘ఆటో-కాస్ట్ రిఫరెన్స్-బ్యాండ్‌విడ్త్’ పెంచినా ఈ చిక్కు తీరదు, రెండూ గిగాబిట్ పోర్టులే కనుక. చేత్తోనే రాయాలి: ఫైబర్ పోర్టుకు ‘ఐపీ ఓఎస్‌పీఎఫ్ కాస్ట్ 10’, రేడియోకు 100. రెండు చివరలా. ఒక చివరే రాస్తే పోయేది ఫైబర్ మీద పోతుంది, వచ్చేది రెంటి మీదా పంచుకుని వస్తుంది. సరిగా కుదిరాక మిల్లు టేబుల్లో 10.44.16.0/20 పక్కన [110/11] కనిపిస్తుంది: డిస్టెన్స్ 110, లింకుకు 10, గోడౌను వీల్యాన్‌కు 1, కలిపి 11. ఫైబర్ తీస్తే [110/101] అవుతుంది.

రేడియోను ఓఎస్‌పీఎఫ్‌లో కలపకుండా స్టాటిక్‌గా వెనక పెట్టేవాళ్లూ ఉన్నారు. ఆ పద్ధతిలో తప్పు లేదు, రాసే తీరులో తప్పు వస్తుంది. గోడౌనులో ముఖ్యమైనవి కెమెరాలే కదా అని ‘ఐపీ రూట్ 10.44.18.0 255.255.255.0 10.44.255.6 250’ అని రాస్తారు. 250 పెట్టాం, ఓఎస్‌పీఎఫ్ పోతేనే ఇది లేస్తుంది అనుకుంటారు. కానీ ఓఎస్‌పీఎఫ్ నుంచి వచ్చింది /20. /24కి టేబుల్లో పోటీయే లేదు, 250 అయినా అది మొదటి రోజే ఎక్కి కూర్చుంటుంది. పొడవైనది కాబట్టి కెమెరాల ట్రాఫిక్ అంతా రోజూ రేడియో మీదే పోతుంది, ఫైబర్ ఖాళీగా ఉంటుంది. వెనక ఉండాల్సిన రూటు ముందున్న రూటుతో అక్షరం పొల్లుపోకుండా అదే ప్రిఫిక్స్, అదే మాస్క్‌తో ఉండాలి: ‘ఐపీ రూట్ 10.44.16.0 255.255.240.0 10.44.255.6 250’. నేను కొత్త చోటికి వెళ్తే మొట్టమొదట వెతికేది ఇదే.

ఫైబర్ చివర మీడియా కన్వర్టర్ (ఫైబర్‌ను రాగి కేబుల్‌కు కలిపే పెట్టె) ఉంటే ఇంకో జాగ్రత్త. బయట ఫైబర్ తెగినా కన్వర్టర్‌కూ స్విచ్‌కూ మధ్య రాగి కేబుల్ బాగానే ఉంటుంది, పోర్టు లైటు వెలుగుతూనే ఉంటుంది. ఓఎస్‌పీఎఫ్ అయితే హలో 10 సెకన్లకు ఒకటి, 40 సెకన్లు వినిపించకపోతే పొరుగును తీసేస్తుంది. ఆ 40 సెకన్లూ ప్యాకెట్లు గాలిలో కలుస్తాయి. హలో 2, డెడ్ 8 చేశాం, రెండు చివరలా ఒకేలా ఉండాలి, లేకపోతే పొరుగుతనమే కుదరదు. ఎంటీయూ (పోర్టు మోయగల అతిపెద్ద ప్యాకెట్ సైజు) తేడా ఉంటే మాత్రం పొరుగు కనిపిస్తుంది, పొరుగుతనం మధ్య దశ అయిన ఎక్స్‌స్టార్ట్ దగ్గరే ఆగిపోతుంది. వట్టి స్టాటిక్‌కు ఈ తెలివి ఏమీ లేదు. దానికి ‘ఐపీ ఎస్ఎల్ఏ’తో అవతలి /30 అడ్రసుకు 5 సెకన్లకోసారి పింగ్ పెట్టి, ‘ట్రాక్’ నంబరును రూటుకు తగిలించాలి. ఆ పింగ్‌ను లింకు అవతలి చివరకే పెట్టాలి. గోడౌను లోపలి కంప్యూటర్‌కు పెడితే ఫైబర్ పోయాక పింగ్ రేడియో మీదుగా చేరుతుంది, ఫైబర్ బాగుందని స్విచ్ అనుకుంటుంది, మళ్లీ అటు మారుతుంది, మళ్లీ పడుతుంది.

పరీక్ష చేసేటప్పుడు స్విచ్ నుంచి వట్టి పింగ్ కొట్టి సరే అనుకోవద్దు. దానికి మూలం అడ్రసు బయటికి పోయే పోర్టుది, అంటే 10.44.255.1. దానికి తిరుగు దారి అవతలివాళ్లకు ఎలాగూ తెలుసు. ‘పింగ్ 10.44.18.1 సోర్స్ వీల్యాన్ 4’ అని కొడితేనే వేబ్రిడ్జి నెట్‌వర్క్‌కు తిరుగు దారి ఉందో లేదో తేలుతుంది. మొదటి పింగ్‌కు చుక్క పడి తర్వాతవి వస్తే కంగారు అక్కర్లేదు. అవతలి మ్యాక్ కోసం ఏఆర్‌పీ అడిగే లోపు మొదటి ప్యాకెట్ పోతుంది. రెండోసారి కూడా చుక్క పడితే అప్పుడు చూడాలి.

కెమెరాల్లో చేత్తో ఇచ్చిన మాస్కు ఒక దాగుడు సమస్య. 255.255.255.0 బదులు 255.255.0.0 ఉన్న కెమెరా, 10.44.10.5ను కూడా తన తీగ మీదే ఉందనుకుని ఏఆర్‌పీ అడుగుతుంది. సిస్కో ఎస్‌వీఐ మీద ప్రాక్సీ ఏఆర్‌పీ డిఫాల్ట్‌గా ఉంటుంది కాబట్టి స్విచ్ తన మ్యాక్ ఇస్తుంది, పని జరుగుతుంది. భద్రత కోసం ఎవరైనా ‘నో ఐపీ ప్రాక్సీ-ఏఆర్‌పీ’ కొట్టిన రోజు అలాంటి కెమెరాలన్నీ ఒకేసారి పోతాయి. మార్పిడి రోజే ప్రాక్సీ తీసేసి, పోయినవాటిని ఒక్కొక్కటీ సరిచేయడం మేలు.

ఇంకొకటి, తీసుకోవడమే తప్ప తిరిగి ఏమీ పంపని పరికరం, లాగ్‌లు దాచే సర్వర్ లాంటిది, ఉంటే స్విచ్ దాని మ్యాక్‌ను 300 సెకన్లకు మరిచిపోతుంది, ఏఆర్‌పీని మాత్రం 4 గంటలు గుర్తుంచుకుంటుంది. మ్యాక్ తెలుసు, పోర్టు తెలియదు. కాబట్టి ఆ ప్యాకెట్లను వీల్యాన్‌లోని అన్ని పోర్టులకూ చల్లుతుంది. ఆ ఎస్‌వీఐ మీద ‘ఏఆర్‌పీ టైమౌట్ 270’ పెడితే ఆగుతుంది.

టేబుల్లో రూటు బాగుండి ప్యాకెట్ పోకపోతే ‘షో ఐపీ రూట్ 10.44.18.55’ తర్వాత ‘షో ఐపీ సెఫ్ 10.44.18.55’ కూడా చూడాలి. మొదటిది ప్రొటోకాల్‌లు నింపిన పెద్ద టేబుల్. రెండోది దాన్నుంచి తీసిన ఫార్వర్డింగ్ టేబుల్. హార్డ్‌వేర్‌లోకి దిగేది ఇదే. దానికి తోడు అడ్జసెన్సీ ఉంటుంది: పక్క పరికరం మ్యాక్ ఏది, ఏ పోర్టు అన్నది. స్విచ్ చేసే పని నిజానికి ఇంతే: గమ్యం మ్యాక్ తనదే అయితే ఐపీ గమ్యం వెతుకుతుంది, టీటీఎల్ ఒకటి తగ్గిస్తుంది, రెండు మ్యాక్‌లూ మార్చి, చెక్‌సమ్ సరిచేసి పంపుతుంది. ఐపీ అడ్రసులను తాకదు. రెండు టేబుళ్లూ ఒకే నెక్స్ట్ హాప్ చెప్పి, అడ్జసెన్సీ అసంపూర్తిగా ఉంటే అది రూటింగ్ సమస్య కాదు, కేబులో వీల్యానో చూడాలి.

చివరి పరీక్షకు ల్యాప్‌టాప్‌ను వేబ్రిడ్జి వీల్యాన్‌లో పెట్టి 10.44.18.55కి ఆగకుండా పింగ్ నడుపుతూ ఫైబర్‌ను కన్వర్టర్ బయటివైపు తీయాలి, స్విచ్ వైపు కాదు. సుమారు 8 సెకన్ల తర్వాత రేడియో మీదుగా రావాలి. తిరిగి పెట్టాక [110/11] కనిపించేదాకా ఆగాలి. తర్వాత ఫైబర్, రేడియో రెండూ ఒకేసారి తీసి చూడాలి: ఫైర్‌వాల్ లాగ్‌లో గోడౌను అడ్రసుకు ఒక్క ప్యాకెట్ కూడా కనిపించకూడదు, నల్ 0 దగ్గరే ఆగాలి. ఈ మూడూ సరిపోయాక ‘రీలోడ్ క్యాన్సిల్’, ఆ తర్వాత ‘రైట్ మెమరీ’. కాన్ఫిగరేషన్ కాపీ ఒకటి నల్లగొండ ఆఫీసులో ఉంచుతాం, ఊక దుమ్ము, మే ఎండ కలిసి మిల్లు గదిలోని స్విచ్‌ను ఎప్పుడు ఆపుతాయో చెప్పలేం కాబట్టి.